ఆఫీసు పక్కనా, బడి పక్కనా?

హైదరాబాదులో ఉద్యోగాలు ఒకవైపు, పాత కాలనీలు మరోవైపు పడ్డాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకునే దాకా ఉద్యోగమంటే ఎక్కువగా సచివాలయం, అబిడ్స్, సికింద్రాబాద్, లేదంటే సనత్‌నగర్, ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలు. జనం ఇళ్లు కూడా వాటి చుట్టుపక్కలే కట్టుకున్నారు. ఆ తర్వాత ఆఫీసులు మాదాపూర్ నుంచి గచ్చిబౌలికి, అక్కణ్ణుంచి నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి, ఇప్పుడు కోకాపేటకి, అలా పడమటికే జరుగుతూ పోయాయి. బడులు, కూరగాయల బజార్లు, బస్సులు, ఎదిగిన చెట్లు ఉన్న కాలనీలు తూర్పున మిగిలాయి. పడమట కొత్త ఫ్లాట్లు లేచాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులై, బడి ఈడు పిల్ల, ఇంట్లో పెద్దావిడ ఉన్న కుటుంబం ఎటువైపు ఇల్లు చూసుకోవాలన్న ప్రశ్న ఈ చీలికలోంచే పుట్టింది.

అలాంటి ఒక కుటుంబం గురించి అక్కాతమ్ముళ్ల మధ్య జరిగిన వాదం ఇది. తమ్ముడిది ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళ్లాలి. అతని భార్యది సికింద్రాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం; పనిదినమంటే కౌంటర్లో ఉండాల్సిందే. పాపకి నాలుగేళ్లు. తల్లి వాళ్లతోనే ఉంటుంది. అక్కది హబ్సిగూడలో కాపురం, ఇరవై ఏళ్లుగా ప్రాథమిక తరగతులకు టీచరు. తమ్ముడు తెల్లాపూర్‌లో ఫ్లాటు కొంటానంటాడు. అక్క తార్నాక చుట్టుపక్కల చూసుకోమంటుంది.

తమ్ముడు: లెక్క తేలికేనక్కా. తెల్లాపూర్ నుంచి ఆఫీసుకి అరగంట. తార్నాక నుంచి అయితే గంటన్నర. రాకపోకలు కలిపితే రోజుకి రెండు గంటల తేడా. ఏడాదికి 230 పనిదినాలు వేసుకో, 460 గంటలు. అంటే పగలూ రాత్రీ కలిపి పందొమ్మిది రోజులు దారిలోనే పోతాయి. ఆ రోజులు పాపతో గడపాలని నాకుండదా?

అక్క: వారానికి మూడు రోజులే వెళ్తున్నానంటివి కదరా. మరి 230 ఎక్కడివి?

తమ్ముడు: ఇవాళ మూడు రోజులు. రేపు ఐదు రోజులూ రమ్మంటే?

అక్క: రమ్మన్నప్పుడు చూద్దాం. ఇప్పటికి ఏడాదికి 140 రోజులు, 280 గంటలు. సరే, నీ గంటలు లెక్కపెట్టావు. నీ భార్యవి పెట్టావా? తెల్లాపూర్ నుంచి సికింద్రాబాద్‌కి ఆ పిల్లకి ఎంతసేపు పడుతుంది?

తమ్ముడు: గంటంబావు, ఒక్కోరోజు గంటన్నర. లింగంపల్లి నుంచి ఎంఎంటీఎస్ ఉందిగా.

అక్క: 2003 నుంచీ ఉంది. కానీ బండికీ బండికీ మధ్య ఎంతసేపు ఆగాలో టైం టేబుల్ తీసి చూడు. మెట్రోలా ఒకటి పోగానే ఇంకోటి రాదు. తొమ్మిదిన్నరకి బ్యాంకులో ఉండాల్సిన మనిషి ఒక బండి తప్పిపోతే ఏం చేస్తుంది? అదే తార్నాక నుంచి అయితే ఐదారు కిలోమీటర్లు. సిటీ బస్సెక్కితే 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకి ఛార్జీ లేదు. నువ్వు మిగుల్చుకున్న గంటలు ఎక్కడికీ పోలేదు, ఆమె నెత్తిన పడ్డాయి. అసలు ఆమెని అడిగావా?

అతను అడగలేదు. ఇల్లు వెతికే చాలా కుటుంబాల్లో జరిగే పొరపాటు ఇదే. ఎక్కువ జీతమున్న మనిషి ఆఫీసు చుట్టూ గీత గీసి, ఆ గీత లోపలే ఇల్లు చూస్తారు. మిగతావాళ్ల రోజు దాని ప్రకారం సర్దుకోవాల్సి వస్తుంది. ఒక కాగితం మీద ఇంట్లో ప్రతి మనిషీ పనిరోజున ఎన్నింటికి గడప దాటుతారో, ఎన్నింటికి తిరిగొస్తారో, దారిలో ఎన్నిసార్లు బండి మారతారో రాసుకుంటే అసలు దూరం బయటపడుతుంది. తెల్లాపూర్ లెక్కలో తమ్ముడికి వారానికి మూడు రోజులు గంట చొప్పున ప్రయాణం. భార్యకి వారమంతా రోజుకి రెండున్నర గంటలకు తక్కువ లేదు. తార్నాక లెక్కలో అతనికి మూడు రోజులు మూడేసి గంటలు, ఆమెకి రోజూ గంటలోపే. వారం మొత్తం కూడితే తార్నాకకే తక్కువ గంటలు వస్తాయి.

ప్రయాణం భారాన్ని మనుషులు తక్కువ అంచనా వేస్తారనడానికి ఆధారం ఉంది. స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టుట్జర్ జర్మనీలో ఏటేటా జరిగే కుటుంబాల సర్వే వివరాలు పరిశీలించారు. దూరం నుంచి పనికి వెళ్లేవారికి పెద్ద ఇల్లో, తక్కువ అద్దో, మంచి జీతమో దక్కి ఆ శ్రమ పూడిపోవాలి. కానీ ప్రయాణం పెరిగినకొద్దీ బతుకు మీద తృప్తి తగ్గుతూనే పోయిందని తేలింది. ఇల్లు చూసేటప్పుడు పడకగది వెడల్పు, బాల్కనీ కళ్లకు కనిపిస్తాయి. సాయంత్రం ఆరున్నర ట్రాఫిక్ ఆ క్షణాన కనిపించదు. ఇళ్లు చూడటానికి ఆదివారం పొద్దున్నే బయల్దేరేవాళ్లకి అసలే కనిపించదు.

తమ్ముడు: దూర ప్రయాణం తృప్తిని తగ్గిస్తుందనేదేగా నా మాటా. మరి గంటన్నర నేనెందుకు పడాలి?

అక్క: ఎలాంటి గంటన్నర అన్నది కూడా చూడాలి. స్టీరింగు పట్టుకుని కూర్చున్న గంట వేరు, మెట్రోలో కూర్చున్న గంట వేరు.

తమ్ముడు: కూర్చోవడమా! నాగోల్‌లో ఎక్కినవాడికి సీటు దొరుకుతుంది, అది మొదటి స్టేషన్ కాబట్టి. తార్నాకలో ఎక్కినవాడు నిలబడాల్సిందే. అమీర్‌పేట్‌లో మియాపూర్ లైను జనం వచ్చి కలిశాక చెయ్యి పైకెత్తితే దించే చోటుండదు. రాయదుర్గంలో దిగాక ప్రయాణం అయిపోయిందా అంటే అదీ లేదు. మెట్రో అక్కడ ఆగిపోతుంది. ఆఫీసు ఇంకో ఆరేడు కిలోమీటర్లు. షేర్ ఆటోలో ముందు సీట్లో డ్రైవరు పక్కన ఒక కాలు బయటపెట్టి కూర్చుని పోవాలి, లేదంటే కంపెనీ షటిల్ కోసం నిలబడాలి. సాయంత్రం అదంతా మళ్లీ వెనక్కి.

ఇక్కడ తమ్ముడి మాట నిజం. నాగోల్ నుంచి అమీర్‌పేట్ మీదుగా మియాపూర్ దాకా మెట్రో 2017 నవంబరులో మొదలైంది. 2019 మార్చిలో హైటెక్ సిటీకి, అదే ఏడాది నవంబరులో రాయదుర్గానికి చేరింది. అప్పటికే ఆఫీసులు అంతకంటే పడమటికి జరిగిపోయాయి. అందుకే మెట్రో స్టేషన్‌కి ఇంత దూరమని ప్రకటనలో రాసిన మాట సగం లెక్కే. ఇంటి నుంచి స్టేషన్‌కి ఎంతో, అవతల దిగాక కుర్చీ దాకా ఎంతో రెండూ కూడాలి. హైదరాబాదులో జనాన్ని అలసగొట్టేది ఆ చివరి ఐదారు కిలోమీటర్లే. దానికి మందు దగ్గరి ఇల్లొక్కటే కాదు. ఆఫీసుకి వెళ్లే వేళ మార్చుకోవడం కూడా. ఏడింటికే బయల్దేరి నాలుగింటికి తిరిగొచ్చే వీలున్నవాళ్లకి అదే దారి చాలా తేలిగ్గా గడిచిపోతుంది. ఇల్లు ఖాయం చేసుకునే ముందు పై అధికారిని అడిగి తేల్చుకోవాల్సిన సంగతి అది.

తమ్ముడు: సరే, నా ప్రయాణం పక్కనపెడదాం. పాప చదువు సంగతి? ఫ్రిస్కోలో ఉన్న బాబాయి కొడుకు ముందు స్కూలు డిస్ట్రిక్ట్ చూసుకుని తర్వాతే ఇల్లు చూశాడు. పేరున్న ఇంటర్నేషనల్ స్కూళ్లు పడమటే ఎక్కువ. అక్కడ ఇల్లు కొంటే పాప చదువుకి బెంగ ఉండదు.

అక్క: అక్కడ ఇంటి చిరునామాతో సీటొస్తుంది. ఇక్కడ తెల్లాపూర్‌లో ఇల్లుందని చెబితే ఏ స్కూలైనా ఫీజు తగ్గిస్తుందా? సీటిస్తుందా?

ఈ తేడా గుర్తుపెట్టుకోదగినది. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో ఇల్లు కొన్న తెలుగువాళ్లు ఇంటితోపాటు బడినీ కొన్నట్టే. ఏ ఇంటి పిల్లలు ఏ ప్రభుత్వ బడికి వెళ్లాలో చిరునామాయే నిర్ణయిస్తుంది. ఇంటి పన్నులో పెద్ద భాగం అక్కడి బడులకే పోతుంది. బోస్టన్ శివార్లలో బడి హద్దు గీతకి అటూ ఇటూ ఉన్న ఇళ్ల ధరలు పోల్చి ఆర్థికవేత్త శాండ్రా బ్లాక్ 1999లో ఒక వ్యాసం ప్రచురించారు. బడిలో పరీక్ష మార్కులు 5 శాతం ఎక్కువైతే తల్లిదండ్రులు ఇంటికి 2.5 శాతం ఎక్కువ పెట్టడానికి సిద్ధపడ్డారని ఆ లెక్కలు చెప్పాయి. హైదరాబాదులో ప్రైవేటు బడికి అలాంటి హద్దు గీత లేదు. తెల్లాపూర్ బడి బస్సు కూకట్‌పల్లికి వస్తుంది, నాచారం బడి బస్సు మల్కాజ్‌గిరికి పోతుంది. ఇంటి ధరలో బడి కలిసి రాదు. ఫీజు, బస్సు ఛార్జీ విడిగా కట్టాల్సిందే. కాబట్టి అమెరికా బంధువుల సలహా ఇక్కడికి అలాగే పట్టుకొస్తే చెల్లదు. బడి పక్కన ఇల్లు తీసుకుంటే ఇక్కడ దక్కేది దగ్గరితనమే. చిన్నపిల్లల విషయంలో మాత్రం దానికి చాలా విలువుంది.

అక్క: మా బడిలో రెండో తరగతి పిల్లలు పొద్దున మొదటి పీరియడ్‌లో ఎలా ఉంటారో నీకు తెలియదు. నడిచొచ్చే పిల్లలు సంచీ పడేసి కబుర్లు మొదలుపెడతారు. దూరం నుంచి బస్సులో వచ్చిన పిల్లల బుగ్గ మీద కిటికీ కమ్మీ అచ్చు పడి ఉంటుంది. ఏడింటికి బస్సంటే ఆరింటికి లేపాలి. నిద్రమత్తులోనే రెండు ముద్దలు నోట్లో కుక్కి పంపుతారు. పదిన్నరకల్లా ఆకలి. సాయంత్రం నాలుగున్నరకి ఇల్లు చేరాక ఆడుకునే ఓపికెక్కడిది?

తమ్ముడు: దగ్గరి బడి మంచిది కాకపోతే?

అక్క: ఐదో తరగతి దాకా దగ్గరి బడి, ఆరో తరగతి నుంచి మంచి బడి. ఆ ఈడుకి పిల్లలు దూరం తట్టుకుంటారు. అప్పటికి నీకూ పాప ఎలాంటిదో తెలుస్తుంది. నాలుగేళ్ల పిల్లకి పన్నెండో తరగతి ర్యాంకులు చూసి బడి వెతుకుతావా?

చట్టం ఆలోచన కూడా అక్క మాటకి దగ్గరగానే ఉంది. 2009 విద్యా హక్కు చట్టం కింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన నియమాల ప్రకారం ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. అమెరికా నగర ప్రణాళికావేత్త క్లారెన్స్ పెర్రీ 1929లో పేట ఎలా ఉండాలో చెబుతూ బడిని నడిమధ్యలో పెట్టాడు. చుట్టూ పావు మైలు, అంటే దాదాపు 400 మీటర్ల లోపు ఇళ్లుండాలనీ, పెద్ద రోడ్లు పేట అంచున పోవాలే గానీ మధ్యలోంచి పోకూడదనీ, బడికెళ్లే పిల్ల పెద్ద రోడ్డు దాటకూడదనీ అతని లెక్క. హైదరాబాదులో దూరం కంటే ఆ చివరి షరతే కష్టమైనది. మూడువందల మీటర్ల దూరంలో బడి ఉన్నా నడుమ నాలుగు వరసల రోడ్డుంటే ఆ పిల్ల ఎన్నటికీ ఒంటరిగా నడిచి పోలేదు.

బడి మంచిదో కాదో తెలుసుకోవడానికి అక్క చెప్పిన గుర్తులు రెండు. ఒకటో తరగతి చెప్పే టీచరు ఆ బడిలో ఎన్నేళ్లుగా ఉన్నారో అడగాలి. ఏటా మారిపోతుంటే అక్కడ పిల్లల్ని ఎరిగినవాళ్లు ఎవరూ ఉండరు. సెక్షనుకి ఎంతమందో అడగాలి. ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక టీచరని చట్టమే చెబుతోంది. ఏసీ తరగతి గదులు, బ్రోషర్లో గుర్రపుస్వారీ బొమ్మ ఆ తర్వాతి సంగతి.

సదుపాయాల దగ్గరికొచ్చేసరికి తమ్ముడి వాదన బలపడింది.

తమ్ముడు: మీ హబ్సిగూడ గల్లీలో నిన్న అమ్మతో నడిచాను. ఫుట్‌పాత్ మీద ఒకచోట ట్రాన్స్‌ఫార్మరు, తర్వాత మిర్చి బండి, ఆ పక్కన కవరు కప్పిన కారు, దాని ముందు మ్యాన్‌హోల్ మూత పక్కకి ఒరిగి ఉంది. రెండొందల మీటర్లు నడవడానికి అమ్మ నాలుగుసార్లు రోడ్డు మీదికి దిగింది. వెనక నుంచి బైకులు. తెల్లాపూర్‌లో గేటు లోపల అసలు బండే రాదు. పాప సైకిలు తొక్కుకుంటుంది, అమ్మ నడుస్తుంది, ఇద్దరూ నాకు బాల్కనీలోంచి కనిపిస్తారు. కరెంటు పోతే జనరేటరుంది, లిఫ్టు ఆగదు. అమ్మ మోకాళ్లకి అది చిన్న సౌకర్యమా?

అక్క: కాదు. అది నేను ఒప్పుకుంటాను. మా వీధిలో అమ్మని ఒంటరిగా పంపను. కానీ పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లోకి తీసుకెళ్తే చెట్ల కింద ఎంతసేపైనా నడవొచ్చు. మధ్యాహ్నం బీపీ చూపించుకోవాలంటే బస్తీ దవాఖానా ఉంది. అమ్మకి కావలసింది కరివేపాకు, పూలు, గుడి, పేరు పెట్టి పలకరించే కిరాణా కొట్టతను. మీ గేటు లోపల ఇవి దొరుకుతాయా?

తమ్ముడు: ఫోన్లో పది నిమిషాల్లో వస్తాయి.

అక్క: కరివేపాకు వస్తుంది. పలకరింపు రాదు.

తమ్ముడు: అదీ ఉందక్కా. సాయంత్రం ఐదింటికి అక్కడ బెంచీల మీద పదిహేనుమంది అమ్మమ్మలు, నానమ్మలు కూర్చుంటారు. గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి, కటక్ నుంచి వచ్చినవాళ్లు. అమ్మ రెండోసారి వెళ్లినప్పుడే ఒకావిడతో స్నేహమైపోయింది.

అక్క దగ్గర దీనికి జవాబు లేదు. పాత కాలనీ అంటే మనుషులు, కొత్త గేటు అంటే ఒంటరితనం అనే మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. మనవల్ని పెంచడానికి ఊళ్లు వదిలొచ్చిన పెద్దవాళ్లంతా ఒకే గేటు లోపల చేరడంతో అక్కడ కొత్త రకం అరుగు ఏర్పడింది. నడిచే దారి విషయంలో, పిల్లలాడుకునే చోటు విషయంలో మంచి గేటెడ్ కమ్యూనిటీ నగరంలోని చాలా వీధుల కంటే మెరుగు. వీధులు నడవడానికి పనికిరాకుండా పోయాక తల్లిదండ్రులు గోడల వెనక్కి వెళ్లడాన్ని తప్పుపట్టలేం.

అయితే గేటు దాటగానే ఏముందో కూడా చూడాలి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. అంత ఖరీదైన నేలలో టైలరు కొట్టు, సైకిల్ పంక్చరు షాపు, చిన్న పిల్లల డాక్టరు, పిండిమర దగ్గర్లో నిలవడం కష్టం. క్లబ్‌హౌస్‌లో స్విమ్మింగ్ పూల్ ఉంటుంది. జ్వరమొచ్చిన పిల్లకి రాత్రి తొమ్మిదింటికి మందు కావాలంటే కారు తీయాలి. నెలనెలా కట్టే మెయింటెనెన్స్ కూడా లెక్కలోకి రావాలి. చదరపు అడుగుకి నాలుగు రూపాయలనుకుంటే 1,500 అడుగుల ఫ్లాటుకి నెలకి 6,000. ఎండాకాలం బోర్లు ఎండితే ట్యాంకర్ల ఖర్చు దానిమీద. జలమండలి నల్లా ఉన్న ఇంటికి 2021 జనవరి నుంచి నెలకి 20,000 లీటర్ల దాకా నీళ్లు ఉచితం. తెల్లవారకముందే లేచి మోటారు వేసుకోవాల్సిన బాధ ఉన్నా, పాత కాలనీలకి ఆ నల్లా పెద్ద అండ. శివార్లలో ఫ్లాటు చూసేవాళ్లు పైపులైను లోపలికి వచ్చిందా, గేటు బయటే ఆగిందా అని బిల్డరుని కాకుండా, అప్పటికే అక్కడ ఏప్రిల్, మే నెలలు గడిపినవాళ్లని అడగాలి.

చెరువుల విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. 2020 అక్టోబరు వానలకి టోలిచౌకి నదీమ్ కాలనీ, సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ వరద తూర్పు, పడమర చూసి రాలేదు. పల్లం చూసి వచ్చింది. చెరువు నిండుమట్టం గీత, అంటే ఎఫ్‌టీఎల్, ఎక్కడిదాకా ఉందో, దాని అవతల బఫర్ ఎంతో తెలుసుకోకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. పది హెక్టార్లు, అంతకుమించిన చెరువుకి 30 మీటర్లు, చిన్న చెరువుకి 9 మీటర్ల బఫర్ ఉండాలి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక ఆ గీతల లోపలి కట్టడాలు కూలుతున్నాయి. చెరువు కనిపించే బాల్కనీ అని బ్రోషర్లో ఉంటే ముందు చూడాల్సింది ఆ మ్యాపే.

తమ్ముడు: ఇన్ని చూసుకుంటూ కూర్చుంటే ధర పెరిగిపోతుందక్కా. ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడూ కొనలేం.

అక్క: కొనొద్దని ఎవరన్నారు? ఇప్పుడే ఎందుకని అంటున్నాను. పాతికేళ్లలో ఆఫీసులు మాదాపూర్ నుంచి కోకాపేటకి నడిచాయి. నీ ఉద్యోగం ఐదేళ్ల తర్వాత ఏ గేటు దగ్గరుంటుందో నీకే తెలియదు. లోను మాత్రం ఇరవై ఏళ్లు అక్కడే ఉంటుంది. పాప ఒకటో తరగతి దగ్గర్లో మొదలుపెట్టనీ. తార్నాకలో లోపలి గల్లీలో, బడి అదే వైపున్న చోట అద్దెకి దిగు. నీకు అలసటైతే ఏడాది తర్వాత నువ్వే చెప్పు. అప్పుడు తెల్లాపూర్‌కి నేనే వచ్చి పాలు పొంగిస్తాను.

తమ్ముడు: ఐదు రోజులూ ఆఫీసుకి రమ్మంటే?

అక్క: అప్పుడు మారాల్సిందే. రోజూ మూడు గంటలు దారిలో గడిపి ఇంటికొచ్చే తండ్రి ఆ పిల్లకి దక్కనట్టే. అంతదాకా వస్తే నేనూ తెల్లాపూర్ అనే అంటాను.

తమ్ముడు ఆ రాత్రి భార్యని అడిగాడు. ఆమె రెండు సంగతులు చెప్పింది. సాయంత్రం పాప బడి వదిలిన గంటలోపు తను ఇల్లు చేరాలి. అత్తగారు ఒంటరిగా నడవగలిగిన జాగా ఏదో ఒకటి దగ్గర్లో ఉండాలి. ఆ తర్వాత తార్నాకలో చూసిన మూడు ఇళ్లలో మొదటి రెండింటికీ కాంపౌండు లోపల నడక దారి లేదు. మూడోది పార్కుని ఆనుకుని, బడి ఉన్న వైపే ఉంది.

ఇల్లు కొనబోయేవాళ్లు ముందు ఆ పేటలో అద్దెకి ఉండి చూడండి. అద్దె ఒప్పందం మామూలుగా 11 నెలలకు రాస్తారు. జూన్ మొదట్లో దిగితే అది ముగిసేలోపు ఆ ఇంటికి ఒక వానాకాలం, ఒక పరీక్షల కాలం, ఏప్రిల్ నెల నీటి కరువు మూడూ వచ్చిపోతాయి.